రెండవ ఉత్తరము

భయానక కథలు చదివినవారు చెప్పుకొను మాటలు సాధారణముగా ఒక్క తీరుననే ఉండును. ఒళ్ళు గగుర్పొడిచినదని ఒకరు, రాత్రి నిద్ర పట్టలేదని మరియొకరు అందురు. అంతటితో ఆ ప్రసంగము ముగియును. జపాను రచయిత ఎదొగావా రంపో 1925లో ప్రకటించిన 'మనిషి కుర్చీ' కథ అంత సులభముగా విడిచిపెట్టునది కాదు. దానిని చదివినవారు రెండు పక్షములై వాదమునకు దిగుదురు.

రంపో (1894–1965) అసలు పేరు హిరాయ్ తారో. అమెరికా రచయిత ఎడ్గార్ ఏలన్ పో పేరును జపానీయుల నాలుకపై మలచి కలముపేరుగా చేసికొన్నాడు. ఈ కథ జేమ్స్ హారిస్ అనువాదమున 1956లో ఆంగ్లమునకు వచ్చినది.

యోషికో పేరెన్నిక గన్న రచయిత్రి. భర్త విదేశాంగ శాఖలో ఉద్యోగి. ఒకనాడు ఆమెకు దళసరి కాగితముల కట్ట యొకటి వచ్చెను. వ్రాసినవాడు కుర్చీలు చేయు పనివాడు, కురూపి. విదేశీయుల హోటలు కొరకు చేసిన పెద్ద తోలు కుర్చీలో తాను ఇముడునంత చోటు కల్పించుకొని, దొంగతనము తలపెట్టి అందు దూరెనట. తీరా దూరిన పిమ్మట, తనపై కూర్చుండువారి బరువు, వెచ్చదనము తోలుమాటున అనుభవించుటయే అతనికి జీవితమైనది. కొంత కాలమునకు ఆ కుర్చీ వేలములో ఒక అధికారి ఇంటికి చేరినది. ఆయన భార్య అందు కూర్చుండియే రచన సాగించుచున్నదట. ఇంతవరకు చదివి యోషికో గది విడిచి పరుగెత్తును. అంతలో అదే చేవ్రాతతో రెండవ ఉత్తరము వచ్చును: ముందు పంపినది తాను కల్పించిన కథ, పేరు 'మనిషి కుర్చీ', దయతో అభిప్రాయము తెలుపవలెను!

అంతయు కల్పనయే కదా యని ఒక పక్షము ఊపిరి పీల్చుకొనును. వారిలో కొందరు మోసపోయితిమని నొచ్చుకొందురు. రెండవ పక్షమువారు మొదటి ఉత్తరమును మరల తెరతురు. తనను చూచుటకు సమ్మతించినచో గది కిటికీలోని పూలకుండీపై చేతిరుమాలు వేయుమని అందు వేడుకోలు కలదు. కల్పనయే యైనచో ఆ కుండీ సంగతి అతనికి ఎట్లు తెలిసినది?

ఈ ప్రశ్న గట్టిదే. కాని ఉభయ పక్షములును ఒక విషయమును దాటిపోవుచున్నవి. రెండవ ఉత్తరము అక్షరాల నిజమే యనుకొందము. అప్పుడైనను, తన కథకు పదును ఎంత యున్నదో చూచుటకై ఒకడు పరిచయము లేని స్త్రీని ఆమె ఇంటిలోనే వణికించినాడు. ఆపై ఆమెనుండియే మెప్పు కోరినాడు. కుర్చీలో దూరకపోయినను, టపా ద్వారా ఆ గదిలోనికి దూరినాడు. పనివాని ఒంటరితనమునకు జాలిపడు పాఠకులు పెక్కుమంది. ఆ జాలి తప్పు కాదు, రంపో దానిని నేర్పుతో పుట్టించినాడు. అయితే ఆ జాలిలో యోషికో మరుగున పడిపోవుట వింత. ఆమె సమ్మతి ఎవ్వరును అడుగలేదు. అడిగినది చివరకు, చేతిరుమాలు రూపమున.

పైతరగతులలో ఈ కథను చర్చకు తీసికొను ఉపాధ్యాయులు 'నిజమా, కల్పనయా' అని తేల్చి చెప్పుటకు తొందరపడకుండుట మేలు. చాపలపై కూర్చుండు ఇండ్ల దేశమున పెద్ద తోలు కుర్చీ పరదేశపు వస్తువు. దాని లోపలి నిర్మాణము చేసినవానికే తెలియును. ఈ చిన్న సంగతి తెలిసిన విద్యార్థికి భయము ఎచ్చటనుండి వచ్చుచున్నదో తనంతట తానే స్ఫురించును. రెండవ ఉత్తరము దేనికి సమాధానమిచ్చినది, దేనికి ఈయలేదు అని వారిచేతనే పట్టిక వ్రాయించినచో తరగతి గంట చాలదు.

ఆ ఉత్తరము చదివిన యోషికో నవ్వెనో, ఏడ్చెనో, తిరిగి పోయి ఆ కుర్చీలో కూర్చుండెనో రంపో వ్రాయలేదు. కథ ఉత్తరముతోనే ఆగిపోయినది.