పురిటి మంచం పక్కన నిప్పులు

బాలింత మంచం కింద కుంపటి పెట్టడం మన ఇళ్ళలో ఇప్పుడు పెద్దవాళ్ళ కబుర్లలోనే ఎక్కువగా వినిపిస్తున్నది. లావోస్ దేశపు పల్లెల్లో మాత్రం అది ఈనాటికీ సాగుతున్న ఆచారం. వాళ్ళు దాన్ని ‘యూ ఫై’ అంటారు. నిప్పు దగ్గర ఉండటమని అర్థం. తెలుగు పాఠాలు చెప్పుకునేదాన్ని గనుక మాట దగ్గర కాస్త ఆగుతాను, ఏమీ అనుకోకండి. మనం ‘పురుడు’ అనగానే మైల గుర్తుకు వస్తుంది. వాళ్ళ మాటలో వెచ్చదనం ఉన్నది. నాకు వాళ్ళ మాటే నచ్చింది.

బాలింత వెదురు మంచం మీద పడుకుంటుంది. కిందనో, పక్కనో నిప్పులు. ఆకులూ వేళ్ళూ మరిగించిన నీళ్ళే తాగాలి. ఆసుపత్రిలో కని వచ్చినవాళ్ళు సైతం ఇంటికి రాగానే ఆ మంచం ఎక్కుతారు. పసిబిడ్డకు పొగ మంచిది కాదు, నిజమే. కాని పొలానికి పోవలసిన మనిషిని అన్నాళ్ళు కూర్చోబెట్టి, ఆమె చాకిరీ ఇంకొకరు చేసే ఏర్పాటు కూడా అందులోనే ఉన్నది. దాన్ని మూఢాచారమని కొట్టివేయడానికి నాకు మనసొప్పదు.

నా తగవంతా పథ్యంతోనే. చాలా ఇళ్ళలో బాలింతకు అన్నం, ఉప్పు, అల్లంవంటి దుంపలు, మహా అయితే కాల్చిన మాంసం ముక్క. తక్కినవి చాలావరకు ‘ఖలం’, అంటే నిషిద్ధం. ఆ అన్నమైనా జిగురు బియ్యంతో వండినది. మరపట్టిన బియ్యాన్ని రాత్రంతా నానబెట్టి, నీళ్ళు పారబోసి, ఆవిరి మీద ఉడికిస్తారు. ఉన్న కాస్త బి1 విటమినులో చాలాభాగం ఆ నీళ్ళతోనే పోతుంది. ఇక తల్లి పాలలోకి ఎక్కడినుంచి వస్తుంది? బిడ్డ నెలా రెండు నెలలు బాగానే ఉంటాడు. ఒకనాడు పాలు మానేస్తాడు, ఆయాసపడతాడు. ఏడుస్తాడు గాని గొంతు పెగలదు. అలా వదిలేస్తే గంటల్లో గుండె ఆగిపోవచ్చు. వేళకు బి1 సూదిమందు పడిందా, అదే బిడ్డ గంటల్లోనే తేరుకుంటాడు! వియెంటియాన్‌లోని మహోసోత్ ఆసుపత్రి వైద్యులు ఇటువంటి బిడ్డలను ఎందరినో చూశారు.

దీని పేరు బెరిబెరి. మనకూ పరాయిది కాదు. ఒకప్పుడు మన సర్కారు జిల్లాల్లో మరపట్టిన పచ్చిబియ్యం తినేవారిని ఇదే పీడించింది. ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాలు చాలావరకు తప్పించుకున్నాయి.

కాన్పులో తల్లులు పోవడం అక్కడ బాగా తగ్గింది. ఐక్యరాజ్యసమితి సంస్థల అంచనాల్లో 2000లో లక్ష జననాలకు 500 మందికి పైగా తల్లులు పోయేవారు. 2020 నాటికి అది 130కి లోపు. చదువుకున్న మంత్రసానులు, ఆసుపత్రి కాన్పులు పెరగడం దానికి తోడ్పడ్డాయి. కొండ ఊళ్ళకు మాత్రం వానాకాలంలో దారే ఉండదు. అందుకే దక్షిణాన కొన్నిచోట్ల నెలలు నిండినవాళ్ళు ముందుగా వచ్చి ఉండటానికి ఆరోగ్యకేంద్రం పక్కనే ఇళ్ళు కట్టారు. కాని ఈ బెరిబెరి తల్లీబిడ్డా క్షేమంగా ఇల్లు చేరిన తరువాత వచ్చేది.

నన్నడిగితే ఆ నర్సమ్మ నిప్పుల జోలికి వెళ్ళనే కూడదు. తిన్నగా అత్తగారి పక్కన కూర్చుని, ఆ మూలికల నీళ్ళతోపాటు రోజుకొక బి1 మాత్ర కోడలికి ఆవిడ చేతనే ఇప్పించాలి.