చచ్చేది ఎవరి పిల్లలు?

హఫీజ్‌పేటలో కుక్కల మాట ఎత్తితే రెండు గొంతులు లేస్తయి. అన్నిటినీ చంపిపారెయ్యాలని ఒకటి. నోరులేని జీవాలను ఏమీ అనొద్దని ఇంకొకటి. రెండూ అపార్టుమెంటు గేటు లోపలి గొంతులే. రేకుల షెడ్డులో ఉండే అడ్డా కూలీని, సెల్లార్‌లో కాపురముండే వాచ్‌మన్‌ను అడిగినోడు లేడు. అందుకే మేం మాట్లాడుతున్నాం.

ముందు లెక్క చూద్దాం. 2024లో దేశమంతా కలిపి 37 లక్షల కుక్కకాట్లు నమోదైనయి. వాటిలో కుక్కలు మీదపడి ప్రాణం తీసినవి బహు తక్కువ. 2022లో రోడ్ల మీద పోయినోళ్లు లక్షా 68 వేల మంది. కాబట్టి కుక్క కనబడగానే ప్రాణం పోయినట్టు వణకాల్సిన పనిలేదు. ఇది నిజమే. కానీ సగం నిజం.

తక్కిన సగం ఇది. 2023 ఫిబ్రవరి 19న అంబర్‌పేటలో కుక్కలు చంపిన నాలుగేళ్ల బాబు ఒక వాచ్‌మన్ కొడుకు. ఆ మే నెలలో కాజీపేటలో పోయిన పిల్లోడిది ఉత్తరప్రదేశ్ నుంచి పొట్ట చేతబట్టుకొచ్చిన కుటుంబం. 2024 జులైలో ఏడాదిన్నర పసివాడు పోయింది నగరం చెత్తంతా పోసే జవహర్‌నగర్‌లో. వాళ్ల కులాలు మేం చెప్పటం లేదు, బతుకులు చెబుతున్నాం. లక్షల్లో ఒక్కరే పోతారనేవాళ్లు ఆ ఒక్కరు ఏ గడపలో పుడతారో చెప్పరు.

2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ కుక్కలను షెడ్లకు తరలించమంది. 22న మార్చి, పిచ్చి కుక్కలు, మీదపడే కుక్కలు తప్ప మిగతావాటిని ఆపరేషన్ చేసి, టీకా వేసి తిరిగి వదలమంది. కుక్క ఎక్కడుండాలో పదకొండు రోజుల్లో రెండు ఉత్తర్వులు! కూలోళ్ల బిడ్డ ఎక్కడుండాలో 1996లోనే చట్టం చెప్పింది. 50 మందికి మించి ఆడకూలీలు పనిచేసే కట్టడం దగ్గర ఆరేళ్లలోపు పిల్లలకు గది, చూసుకునే మనిషి ఉండాలని ఆ చట్టంలో రాశారు. కొండాపూర్ దాకా లేస్తున్న మేడల కింద ఆ గది ఎక్కడుందో పోయి చూద్దాం రండి.

మీదపడి చంపడం కన్నా పెద్ద చావు రేబిస్. జబ్బు బయటపడితే బతకడం లేదనే చెప్పాలి. సూది వేళకు పడితే జబ్బే రాదు. కరిచిన చోట సబ్బు పెట్టి, పారే నీళ్లలో 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం పెట్టొద్దు. ఆ రోజే సూది వేయించాలి, మిగతావి తప్పకూడదు. నెత్తురొచ్చేలా కరిస్తే పుండులో వేసే ఇమ్యునోగ్లోబ్యులిన్ అడగాలి. నారాయణగూడ ఐపీఎం దాకా పోయొస్తే ఒకనాటి కూలి పోతుంది. కూలికి భయపడే మనోళ్లు సూదులు మధ్యలో మానేస్తారు.

అందుకే మన అర్జీలో మూడు మాటలుండాలి. వాడ పక్క చెత్తకుప్ప ఎత్తాలి. కట్టడం దగ్గర పిల్లల గది తెరవాలి. బస్తీ దవాఖానాలో రోజూ సూది దొరకాలి. కుక్క మీద కర్ర ఎత్తితే కుక్క పక్క వీధికి పోతుంది. ఆ వీధి కూడా మనదే.