ఆర్నెల్ల అన్నం ఎవరు పెట్టాలె?

మొన్న ఆదివారం ఫిల్మ్ నగర్ పోయొచ్చిన. హీరోల బంగ్లాలు చూసొచ్చిండేమో అనుకుంటరు. కాదు. ఆ బంగ్లాల కింది బండలు పగలగొట్టినోళ్ళ ఇంటికి పోయిన.

జూబ్లీహిల్స్ అంటే ఇయ్యాల గజం లక్షల్లో పలికే జాగా. 1960లలో అక్కడ హౌసింగ్ సొసైటీ పెట్టినప్పుడు అవి ఉత్త గుట్టలు, బండరాళ్ళు. తర్వాత మద్రాసు నుండి సినిమా పరిశ్రమను రప్పించడానికి ప్రభుత్వం స్థలాలిచ్చింది. స్టూడియోలు లేచినయ్. ఇచ్చిందెవరు, పుచ్చుకున్నదెవరు, వాళ్ళ కులాలేవి అన్నది మీకు నేను చెప్పనక్కర్లేదు. బండలు కొట్టడానికి మాత్రం పాలమూరు వలస కూలీలు కావలసి వచ్చారు. అట్ల పోయిన మా మాదిగవాడ కుటుంబమొకటి ఆ గుట్ట మీదనే ఆగిపోయింది. తాత రాళ్ళు కొట్టిండు. కొడుకు సినిమా సెట్టింగులకు వడ్రంగి పని నేర్చి యూనియన్ కార్డు సంపాదించిండు. మనవరాలు ఇప్పుడు బి.టెక్. ఆఖరు సంవత్సరం. నాకు వరసకు అన్న బిడ్డ.

ఆ పిల్ల ముందల రెండు దార్లున్నయ్. మాదాపూర్‌లో పేరున్న పాత సాఫ్ట్‌వేర్ కంపెనీ ఒకటి ఆర్నెల్ల ఇంటర్న్‌షిప్ ఇస్తమని కాయితం పంపింది. నెలకు 15 వేలు. ఆర్నెల్లయినంక నచ్చితే ఉద్యోగం, నచ్చకపోతే సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపిస్తరు. ఇంకొకటి, ఇంటికి నడిచిపోయేంత దూరంలో సినిమాలకు గ్రాఫిక్స్ చేసే చిన్న ఆఫీసు. 22 వేలిస్తం, ఒకటో తారీకు నుంచి రమ్మన్నరు. అంతా నోటిమాట. కంపెనీకి శుక్రవారం లోపల జవాబు చెప్పాలె.

"నువ్వు పిల్లలకు లెక్కలు జెప్తవ్ గదా తమ్మీ, 22 పెద్దదా 15 పెద్దదా?" అన్నడు మా అన్న. ఆయన అడిగిన దాంట్ల తప్పు లేదు. 2025 ఆగస్టులో సినీ కార్మికులు 30 శాతం కూలి పెంచాలని సమ్మె చేసినప్పుడు రెండు వారాలకు పైగా షూటింగులు ఆగినయ్. ఆ రోజులు ఆ ఇంట్ల ఎట్ల గడిచినయో వాళ్ళకు తెలుసు. నెలకు ఏడు వేల తేడా అంటే ఆ ఇంటికి బియ్యం, గ్యాసు, కరెంటు బిల్లు.

నేను కంపెనీలో చేరమన్నాను. మన సంఘంలోనే చాలామందికి ఈ మాట నచ్చలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముందు గ్రాఫిక్స్ సంగతి. 2012లో ఈగ, 2015లో బాహుబలి వచ్చినంక హైదరాబాద్ గ్రాఫిక్స్‌కు పేరొచ్చిన మాట నిజం. కానీ కొత్తగా చేరినోళ్ళకు ఇచ్చే పని ఏంది? బొమ్మలో మనిషి అంచు వెంబడి ఫ్రేము ఫ్రేముకూ గీత గీసి మనిషిని విడదీసే పని. కండ్లు పోతయ్. సినిమా ఆగితే జీతం ఆగుతది. అడగడానికి కాయితం ఉండదు. ఫిల్మ్ నగర్‌కు ఇది కొత్త కాదు. అసిస్టెంట్ డైరెక్టరని పేరు పెట్టి, టిఫిను, భోజనం పెట్టి ఏండ్లకేండ్లు తిప్పుకునే పద్ధతి అక్కడ ఎప్పటినుంచో ఉన్నది. దాన్ని 'అనుభవం' అంటరు. హీరో కొడుక్కు మాత్రం ఆ అనుభవం అక్కరలేదు, పుట్టుకే సరిపోతది! సెట్టింగుల వడ్రంగికి కార్డుంది, యూనియన్ ఉంది, సమ్మె చేసే బలముంది. కంప్యూటర్ ముందు కూర్చునే ఆయన బిడ్డకు ఇవేవీ ఉండవు.

"మరి సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉంటయా?" అని ఒక మిత్రుడు గట్టిగానే అడిగిండు. "ఇంటర్న్‌షిప్ అంటే ఇంగ్లీషు వెట్టి గాదా సార్?" సగం నిజమే చెప్పిండు. పని గంటలు, సెలవుల విషయంలో దుకాణాలు, సంస్థల చట్టం నుండి ఐ.టి. కంపెనీలకు ప్రభుత్వాలు మినహాయింపులిస్తూ వచ్చినయ్. 2025 ఫిబ్రవరిలో మైసూరులో ఇన్ఫోసిస్ 300 మందికి పైగా ట్రైనీలను పరీక్ష పాస్ కాలేదని ఇంటికి పంపింది. అదే సంవత్సరం జూలైలో టి.సి.ఎస్. దాదాపు 12 వేల మందిని తీసేస్తమని ప్రకటించింది. పెద్ద కంపెనీ అంటే పెద్ద మర్రి, కింద నిద్రపోవచ్చు అనుకునే కాలం పోయింది.

అయినా చేరమన్నాను. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ల కోసం మనం ఏండ్ల తరబడి కొట్లాడుతున్నం. 2006లో కేంద్రం ఆ మాట ఎత్తగానే పారిశ్రామికవేత్తల సంఘాలు చట్టం వద్దు, మాకు మేమే చేసుకుంటమని స్వచ్ఛంద నియమావళి రాసుకున్నయ్. చట్టం రాలేదు. అది వచ్చేదాకా మన పిల్లలు గేటు బయటే నిలబడాల్నా? నేను రిజర్వేషన్ మీదనే టీచరయిన. ఆ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. కానీ ఏండ్ల తరబడి నోటిఫికేషన్ కోసం అశోక్‌నగర్ రూముల్లో ముసలోళ్ళయిన పిల్లల్ని కూడ చూసిన.

లోపల కులం లేదా? ఎందుకుండదు! 2007లో సుఖదేవ్ థోరాట్, పాల్ అట్టెవెల్ ఒక పరిశోధన అచ్చేశారు. పత్రికల్లో వచ్చిన ఉద్యోగ ప్రకటనలకు సమానమైన చదువు, వేరువేరు పేర్లతో దరఖాస్తులు పంపారు. దళిత పేరున్న దరఖాస్తుకు పిలుపు వచ్చే అవకాశం తగ్గింది. అదే ఏడాది సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ కంపెనీల్లో మనుషుల్ని తీసుకునే అధికారులతో మాట్లాడారు. కులం చూడం, మెరిటే చూస్తమన్నరట. కానీ 'కుటుంబ నేపథ్యం' తప్పకుండా అడుగుతరట. మీ నాయినేం జేస్తడు, మీ ఇంట్ల ఎవరు చదువుకున్నరు - ఈ ప్రశ్నల్లో కులం దాక్కుని ఉన్నదని వాళ్ళు రాశారు. సముద్రం దాటినా పోలేదు. ఒక దళిత ఇంజనీరును వివక్షకు గురి చేశారని 2020లో కాలిఫోర్నియా రాష్ట్రం సిస్కో కంపెనీ మీద కేసు పెట్టింది. ఇద్దరు మేనేజర్ల మీద కేసు 2023లో ఉపసంహరించుకున్నరు గానీ కంపెనీ మీద వదల్లేదు. అక్కడ ఒక మనిషి లోపల ఉండి నోరు విప్పబట్టే ఆ కేసు పుట్టింది.

కండ్లు మూసుకుని చేరమని మాత్రం నేను చెప్పలేదు. ఆ రాత్రి పిల్లతోటి కంపెనీకి ఒక ఉత్తరం రాయించిన. ఇది అప్రెంటిస్ చట్టం కింద రిజిస్టరయ్యే కాంట్రాక్టా, లేక ఉత్త ఇంటర్న్‌షిప్పా? ఇది చిన్న ప్రశ్న కాదు. 1961 నాటి ఆ చట్టం కిందికొస్తే స్టైపెండుకు కనీస మొత్తం ఉంటది. ఎస్.సి., ఎస్.టి.లకు శిక్షణ సీట్ల రిజర్వేషన్ అనే మాట 3ఎ సెక్షన్లో ఉంది. ఇంటర్న్‌షిప్ అని పేరు మార్చితే ఆ మాట కనపడదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు మీ దగ్గర పెట్టుకుంటరా, బాండు రాయించుకుంటరా? పోయిన బ్యాచిలో ఎంతమందికి ఉద్యోగమిచ్చిన్రు? ఇవీ మా ప్రశ్నలు. పిల్ల భయపడింది. "ఇట్ల అడిగితే ఇచ్చింది గూడ తీసుకుంటరేమో చిన్నాయినా" అన్నది. అడిగితే పోయే ఉద్యోగమైతే ముందే పోవడం మంచిదన్న. పైసలు కడితే ఇంటర్న్‌షిప్ ఇప్పిస్తమనే కన్సల్టెన్సీలోళ్ళు వస్తరు, వాళ్ళను గడప తొక్కనియ్యొద్దని మా అన్నకు గూడ చెప్పిన.

ఇంతకూ ఆ పిల్ల ఈ 15 వేలకు ఒప్పుకోగలుగుతున్నదంటే కారణమేంది? ఇల్లు. ఫిల్మ్ నగర్ గుట్ట మీద తాత వేసిన గుడిసె, ఇప్పుడు రేకుల ఇల్లు. 2020లో దుర్గం చెరువు మీద తీగల వంతెన తెరిచినంక మాదాపూర్ ఇంకా దగ్గరయింది. కిరాయి లేదు, మెస్ బిల్లు లేదు. మా ఊరి వాడలో ఇసొంటి కాయితమే వచ్చిన ఇంకొక పిల్ల ఉన్నది. ఆమె నెల కింద 'రాలేను' అని రాసింది. హాస్టలుకు అడ్వాన్సు కట్టడానికి లేక. 2024లో కేంద్రం పెట్టిన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకంలో నెలకు 5 వేలన్నరు. ఆ ఐదు వేలతో మాదాపూర్‌లో ఏ మంచం దొరుకుతది? ఆ పథకం రాసినాయన ఎన్నడన్నా కిరాయి కట్టిండా?

నా సంగతీ ఇంతే. 2001లో డిగ్రీ అయినంక పట్నంలో ఒక కంప్యూటర్ శిక్షణకు పిలుపొచ్చింది. రూము కోసం తిరిగిన. ఇల్లు చూపిస్తరు, నీళ్ళెప్పుడొస్తయో చెప్తరు, ఆఖరుకు 'మీరేవిట్లు బాబూ?' అంటరు. మూడో ఇంటికి నా గుండె జారిపోయింది. బస్సెక్కి ఊరికొచ్చిన. డి.ఎస్.సి. రాసిన. అమెరికాలో చదివొచ్చిన బాబాసాహెబ్ 1917లో బరోడాలో కొలువుకు పోతే జరిగింది గూడ ఇదే. కొలువుంది, ఉండటానికి ఇల్లు లేదు. పేరు మార్చి పార్సీ సత్రంలో దిగితే పదకొండో రోజు కర్రలు పట్టుకొచ్చి వెళ్ళగొట్టిన్రు.

అందుకే సంఘం కమిటీని అడుగుతున్నాను. ఏప్రిల్ 14కు ఫ్లెక్సీలకు, డీజేకు మన మండలంలో చందాలెంత ఎత్తుతున్నం? అందులో సగం పక్కకు పెడితే బోరబండలోనో యూసుఫ్‌గూడలోనో ఆడపిల్లలకు ఒక రూము కిరాయికి తీసుకోలేమా? ఉద్యోగంలో ఉన్న టీచర్లం, బ్యాంకోళ్ళం, కండక్టర్లం నెలకు ఐదు నూర్లు ఇయ్యలేమా? నా పేరు ముందల రాసుకోండి.

గురువారం సాయంత్రం పిల్ల ఫోన్ చేసింది. సర్టిఫికెట్లు తీసుకోం, బాండు లేదు, చట్టం కింద రిజిస్టరు చేస్తమని కంపెనీ జవాబిచ్చిందట. ఎంతమందికి ఉద్యోగమిచ్చిన్రో మాత్రం చెప్పలేదట. సంతకం పెట్టింది. పెట్టినంక, "మనూరి పిల్ల రానని రాసిందట గదా చిన్నాయినా, మళ్ళీ ఒకసారి అడగమను. మా ఇంట్ల ఉంటది" అన్నది.

వాళ్ళదొక్కటే అర్ర. ఇప్పటికే ఐదుగురున్నరు. కమిటీ మీటింగు వచ్చే ఆదివారం పొద్దున పది గంటలకు, మా బడి ముందల చింతచెట్టు కింద.