వాన లేని వరద

ఎడారికి వెళ్ళేవాడు తాగే నీళ్ళు చాలవేమోనని భయపడాలి గాని, నీళ్ళలో మునిగిపోతానేమోనని భయపడటం ఎక్కడైనా ఉందా? ఉందని మొన్న ఆగస్టులో తెలుసుకున్నాను.

అమెరికాలో, అరిజోనా రాష్ట్రపు ఫీనిక్సు నగరంలో మా తమ్ముడికి ఉద్యోగం. కాలేజీకి సెలవు పెట్టి వెళ్ళాను. "అన్నా, నీ ప్రబంధాల్లో లేని కొండలు చూపిస్తా పద" అని తెల్లవారకముందే కారెక్కించాడు. వెనుక సీట్లో మరదలు, ఆమె ఒళ్ళో పులిహోర డబ్బా.

ఊరు దాటితే చేతులెత్తి నిలబడ్డ మనుషుల్లాంటి జెముళ్ళు. ఫ్లాగ్‌స్టాఫ్ చేరేసరికి దాదాపు 7,000 అడుగుల ఎత్తు. జెముళ్ళు పోయి పైను చెట్లు వచ్చాయి. అక్కడినుంచి 89వ నంబరు రోడ్డు నవాహో జాతివారి నేలలోకి దిగింది. మట్టి ఒకచోట ఎరుపు, ఒకచోట బూడిద, ఇంకొకచోట ఊదా. కుడిచేతివైపు మైళ్ళకొద్దీ ఎర్రని కొండగోడ. వర్ణనలు చెప్పి బతికేవాణ్ణి గదా, నాకే విశేషణాలు అయిపోయాయి!

మధ్యాహ్నానికి పేజ్ చేరాం. గ్లెన్ కాన్యన్ ఆనకట్ట పనివాళ్ళకోసం 1957లో వెలసిన ఊరది. పక్కనే యాంటిలోప్ కాన్యన్. మనం అనుకునే లోయ కాదు; ఇసుకరాతిలో వరదనీరు కోసుకుంటూ పోయిన సన్నని చీలిక. పైకి నేల నెర్రెవిచ్చినట్టుంటుంది. లోపల గోడలు చీరె కుచ్చెళ్ళలా అలలు తిరిగి ఉంటాయని బొమ్మల్లో చూశాను. నవాహో మార్గదర్శి తోడు లేనిదే దిగనివ్వరు.

నెత్తిన ఎండ మాడిపోతోంది. మార్గదర్శి అమ్మాయి మాత్రం దక్షిణాన, ఎక్కడో దూరాన ఉన్న నల్లమబ్బు చూసి, "ఇవాళ దించము" అన్నది.

తమ్ముడికి కోపం వచ్చింది. "ఇక్కడ చుక్క పడలేదే! అంత దూరంనుంచి వచ్చాం!"

ఆమె శాంతంగా చెప్పింది. 1997 ఆగస్టు 12న కూడా ఇక్కడ చెప్పుకోదగ్గ వాన లేదు. ఎగువన కురిసిన నీరు ఈ చీలికలోకి విరుచుకుపడి 11 మంది యాత్రికులను బలిగొంది. బండనేల నీటిని పీల్చుకోదు. ఆపడానికి చెట్టూ చేమా లేవు.

"ఏరా, పెన్న గుర్తులేదా?" అన్నాను.

మాది అనంతపురం జిల్లా. మా పెన్న ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. వాడికి ఐదేళ్ళప్పుడు ఏట్లో చెలమలు తోడి ఆడుకుంటున్నాం. నాన్న పరుగున వచ్చి, చెరి నాలుగు దెబ్బలు వేసి, గట్టుమీదికి ఈడ్చుకొచ్చాడు. పొద్దుగూకేలోగా మా చెలమల మీదుగా ఎర్రనీళ్ళు పారాయి. అయినా వాడు నాన్నతో మూడురోజులు మాట్లాడలేదు.

నాన్న పోయి మూడేళ్ళు. ఆఖరి చూపుకు వాడు అందలేదు. ఆ ప్రస్తావన మా మధ్య ఇంతవరకు వచ్చింది కాదు.

వాడు మబ్బుకేసి చాలాసేపు చూశాడు. "ఆపొద్దు నాన్నకు ఎట్ల తెలిసిందన్నా?"

"మనం నెత్తిమీది ఆకాశం చూసినాం. ఆయన ఎగువ మబ్బు చూసినాడు."

ఆ దారిన వెళ్ళే పాఠకులకు నా సలహా ఒకటే: జూలై మొదలు సెప్టెంబరు దాకా అక్కడా వానాకాలమే. మార్గదర్శి వద్దంటే మారుమాటాడకండి.

ఆ చీలికలో సాయంత్రం వరద వచ్చిందో లేదో మేము కనుక్కోలేదు. రోడ్డుపక్కన కారాపి పులిహోర తిన్నాం. తిరిగి ఇల్లు చేరేదాకా తమ్ముడు నాన్న సంగతులే చెబుతూ వచ్చాడు.