చెట్ల నీడకి రిజిస్ట్రేషన్ ఉండదు

"ప్రశాంతమైన ఏరియా, చుట్టూ పచ్చని చెట్లు, రెండు బెడ్‌రూముల ఫ్లాటు అమ్మకానికి." బెజవాడ నుంచి ఇట్టాంటి ప్రకటనలు కూచిపూడి, గుడివాడ, దివిసీమ కుర్రాళ్ల ఫోన్లలో వచ్చిపడతన్నాయి. పొలం అమ్మి ఫ్లాటు కొందామనే మాట చాలా ఇళ్లల్లో నడుస్తోంది. కొనటం తప్పని అనను. కానీ ఏం కొంటన్నామో తెలియాలి గదా!

ఎకరం అంటే 4840 గజాలు. ఫ్లాటుతో మన పేరున రాసేది స్థలంలో విడదీయని వాటా, మామూలుగా కొన్ని పదుల గజాలు. ప్రకటనలో చెట్లు ఆ కాగితంలో ఉండవు. అవి మునిసిపాలిటీవో, పక్కింటాయనవో. రేపు ఆ పాత ఇల్లు పడగొట్టి అక్కడా అపార్టుమెంటు లేపితే నీడ పోద్ది. దానికని కట్టిన డబ్బు ఎవరూ వెనక్కివ్వరు.

2016 రెరా చట్టం కొంత బలం ఇచ్చింది. దాని కిందకొచ్చే కొత్త ప్రాజెక్టులో లెక్క కార్పెట్ ఏరియా మీద, అంటే బయటి గోడల లోపలి చోటు మీద చెప్పాలి. అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా 10 శాతం మించి అడ్వాన్సు తీసుకోకూడదు. పాత ఫ్లాటైతే లింకు డాక్యుమెంట్లు, ఈసీ, మంజూరైన ప్లాను మనమే చూసుకోవాలి.

అవన్నీ చూశాకే పొలం బేరం పెట్టండి తమ్ముళ్లూ. ఈ ఫ్లాటు కాకపోతే ఇంకోటి దొరుకుద్ది. కాలవ కింద ఎకరం అమ్ముకుంటే మళ్లీ కొనటం మన తరం కాదు.