గైడ్లంటే మంచినీళ్ళ సేవకేనా?

ఏ ఉత్సవం జరిగినా, ఏ మంత్రిగారు వచ్చినా మెడలో స్కార్ఫు కట్టుకున్న గైడ్ అమ్మాయిలు వరసగా నిలబడి ఉంటారు. క్యూలైన్లు సర్దుతారు, మంచినీళ్ళు అందిస్తారు, తప్పిపోయిన పిల్లల్ని మైకు దగ్గరకు తీసుకొస్తారు. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలు జరిగిన పన్నెండు రోజులూ ఘాట్ల దగ్గర వీళ్ళని చూడనివాళ్ళు లేరు. మా మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరస్వామి షష్ఠి ఉత్సవాలకైనా అంతే. సేవ మంచిదే, కాదనను. కానీ గైడంటే ఇంతేనా అని ఎప్పుడైనా అనుకున్నారా?

నేను కొన్నేళ్ళుగా ఈ చుట్టుపక్కల ఒక హైస్కూల్లో గైడ్ కెప్టెన్‌గా ఉన్నాను. సేవకి పిల్లల్ని పంపమని అడిగితే ఒక్క ఫోను చాలు, అన్ని అనుమతులూ సాయంత్రానికల్లా వచ్చేస్తాయి. అదే పిల్లల్ని ఓ ఆదివారం పొద్దున్నే ఏటిగట్టు వెంట నడిపించుకొస్తానంటే మాత్రం వందమందికి సమాధానం చెప్పుకోవాలి. వేల జనంలో, తొక్కిసలాటలు జరగగల చోట నిలబెట్టటానికి లేని భయం పొలంగట్టు మీద నడిపించటానికి ఎందుకొస్తుందో నాకు అంతుపట్టదు.

అసలీ ఉద్యమం పుట్టిందే బయటికి నడవటం కోసం. బేడెన్ పవెల్ 1907లో మగపిల్లల్ని ఒక దీవికి తీసుకెళ్ళి గుడారాలు వేయించాడు. 1909లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో స్కౌట్ల ర్యాలీ జరిగితే, ఎవరూ పిలవకుండానే కొందరు ఆడపిల్లలు వచ్చి నిలబడి, మేమూ స్కౌట్లమే అన్నారు. ఆ మరుసటేడే గైడింగ్ మొదలైంది. పిల్లలు మగరాయుళ్ళయిపోతారని అప్పుడూ గోల చేసినవాళ్ళున్నారు లెండి. 1911లో జబల్పూరులో మన దేశపు మొదటి గైడ్ కంపెనీ వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక, 1950లో స్కౌట్ సంఘాలు కలిసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయితే, మరుసటేడు గైడ్లూ అందులో చేరారు. ప్రవేశ్ నుంచి రాష్ట్రపతి పురస్కారం దాకా ఒక్కో సోపానం ఎక్కాలంటే ముడులు వెయ్యటం, దిక్కులు గుర్తించటం, ప్రథమ చికిత్స, ఆరుబయట వండటం, హైకు, క్యాంపు అన్నీ రావాలి. ఇవాళ ముడులు తరగతి గదిలో బెంచీ కాలికి వేయిస్తున్నారు. హైకు రికార్డు పుస్తకంలోనే జరిగిపోతోంది.

ఎందుకిలా అయింది? హెడ్మాస్టర్లను అడిగితే ముందుగా చెప్పేది ప్రమాదాల సంగతి. 2014 జూన్‌లో హిమాచల్‌ప్రదేశ్‌లో బియాస్ నదిలో ఫొటోలు తీసుకుంటున్న హైదరాబాదు ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, పైనున్న డ్యామ్ నీళ్ళు వదిలేస్తే కొట్టుకుపోయారు. 2017 నవంబరులో ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమంలో పడవ బోల్తా పడింది. 2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు దగ్గర మరో పడవ. ఇవి చూసిన ఏ తల్లి గుండె అయినా దడదడలాడుతుంది. పిల్లల్ని తీసుకెళ్ళే టీచరుకి మాత్రం ఉండదా ఆ దడ?

అయితే ఒక్కటి గమనించండి. ఈ మూడూ నీళ్ళ దగ్గర జరిగినవి. ఊరు తెలియని వాళ్ళు, ఆ నీటి సంగతి తెలియని వాళ్ళు, ఎవరో తోలే పడవనో ఎవరో వదిలే నీళ్ళనో నమ్ముకుని పోయినవి. హైకు దీనికి పూర్తిగా తిరగబడ్డ పని. దారి ముందే ఒకసారి పెద్దవాళ్ళు నడిచి చూసుకోవాలి. నీళ్ళెక్కడ, నీడెక్కడ, ఆసుపత్రి ఎంత దూరం, ఆటో ఎక్కడ దొరుకుతుంది అన్నీ రాసుకోవాలి. ఆరుగురేసి పిల్లలు ఒక పెట్రోలు, దానికొక లీడరు, అందరికీ ఈలలు. నీళ్ళలో దిగటం లేదు, పడవెక్కటం లేదు. ఇంత తేడా ఉన్నా అన్నిటినీ ఒకే గాటన కట్టి వద్దనేస్తున్నారు.

పైకి చెప్పని కారణం ఇంకోటుంది. ఇదే ఊళ్ళలో మగపిల్లలు సైకిళ్ళేసుకుని హంసలదీవి దాకా పోయొస్తే ఎవరూ ఏమనరు. ఆడపిల్ల పదమూడు దాటిందంటే పొలంగట్టు కూడా పరాయిదైపోతుంది. "టీచరుగారూ, ఎదిగిన పిల్లని కాలవగట్ల వెంట తిప్పుతారా?" అని ఒక తల్లి నన్నడిగింది. ఆవిడ మంచిదే, ఆవిడ భయమూ నిజమే. ఎవరైనా ఏమన్నా అంటారని, దారిలో బాత్‌రూము ఉండదని, నెలసరి రోజుల్లో ఎలాగని. వీటికి ఉపన్యాసాలు పనికిరావు. నడిచే దారిలో ఏ స్కూల్లో, ఏ ఇంట్లో బాత్‌రూము వాడుకోవచ్చో ముందే మాట్లాడి పెట్టుకోవాలి. నా సంచిలో ప్యాడ్లు, పాత పేపర్లు, ఒక జత బట్టలు ఎప్పుడూ ఉంటాయి. ఒకరిద్దరు తల్లుల్ని కూడా మాతో రమ్మంటాను. ఒకసారి వచ్చిన తల్లి మిగతా తల్లులకు నాకంటే బాగా చెప్పగలదు.

గత డిసెంబరులో అలాగే ఇరవై నాలుగు మందిమి బయల్దేరాం. మల్లె, మందార, బంతి, తామర అని నాలుగు పెట్రోళ్ళు. పొద్దున ఆరింటికి మోపిదేవిలో గుడి ముందు కలిసి, డొంకదారిన కరకట్ట ఎక్కి, పులిగడ్డ అక్విడక్టు దాకా నడక. పిట్టల్ని చూస్తూ, ఆగుతూ వెళ్ళాం కాబట్టి మూడు గంటలు పట్టింది. కోతలు నడుస్తున్నాయి. ఇంకా కొయ్యని ఒక చేలో రైతు మినుములు చల్లుతుంటే, బందరునుంచి మా స్కూలుకి కొత్తగా వచ్చిన అమ్మాయి వరి ఉండగానే ఎందుకు చల్లుతున్నాడని అడిగింది. కూలికెళ్ళే తల్లి కూతురు ఒకతె, తరగతిలో నోరు విప్పనిది, గబగబా చెప్పేసింది. నేలలో తడి ఉండగానే గింజ పడాలి, కోత అయ్యేసరికి మొలకెత్తి ఉంటుంది, మళ్ళీ దున్నేపని లేదు అని. ఆ రోజు తర్వాత ఆ పిల్లని బంతి పెట్రోలుకి లీడర్ని చేశారు వాళ్ళే, నేను కాదు.

కట్ట మీద నిలబడి ఏటి వెడల్పు కొలిచాం, నీళ్ళలో దిగకుండానే. ఎలాగంటే, అవతలి ఒడ్డున ఒక చెట్టు గుర్తుపెట్టుకుని, దానికి సూటిగా ఇటువైపు నిలబడి, అక్కణ్ణించి ఒడ్డు వెంటే అరవై అడుగులు నడిచి ఒక కర్ర పాతాలి. మరో అరవై నడిచి, ఈసారి ఏటికి వీపు పెట్టి లోపలికి నడవాలి. వెనక్కి చూస్తుంటే కర్రా, చెట్టూ ఒకే వరసలో కనపడేచోట ఆగిపోవాలి. లోపలికి ఎంత నడిచామో ఏరు అంత వెడల్పు. ఇరుకు పాయకి ఇలా సరిపోతుంది. వెడల్పు చోట రెండోసారి అరవైకి బదులు ముప్ఫయి నడిచి, వచ్చినదాన్ని రెట్టింపు చెయ్యాలి. సర్వసమాన త్రిభుజాలు పరీక్షలకే కాదన్నమాట!

లంకవైపు అరటితోటలో పనిచేస్తున్న ఒకామె మమ్మల్ని చూసి గట్టెక్కి వచ్చింది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజి నుంచి 11 లక్షల 43 వేల క్యూసెక్కులు వదిలినప్పుడు నీళ్ళెంతవరకూ వచ్చాయో చేత్తో చూపించింది. అరటి, పసుపు, కంద మొత్తం పోయాయట. "ముందు గొడ్లను కట్టెక్కించాం, ఆనక మేం ఎక్కాం" అంది. క్యూసెక్కంటే ఏమిటో పుస్తకంలో చదివిన పిల్లలు ఆ గుర్తు దగ్గర నిలబడి తల పైకెత్తి చూశారు.

పాముల సంగతి చెప్పకపోతే మోపిదేవి గురించి చెప్పినట్టు కాదు. నాగులచవితికి పుట్టలో పాలు పోసేది మనమే, చేలో కనపడితే కర్ర తీసేదీ మనమే. 2018 ఆగస్టులో దివిసీమలో నెల తిరక్కుండానే వందకు పైగా పాముకాటు కేసులు వచ్చాయి. అప్పుడు మోపిదేవి గుళ్ళో సర్పశాంతి యాగం చేయించారు. నమ్మకం ఎవరిష్టం వాళ్ళది. కానీ ఆ సంవత్సరం మా పిల్లల్లో చాలామందికి తెలియనిది ఏమిటంటే కాటు పడిన చోట తాడు బిగించకూడదని, బ్లేడుతో కొయ్యకూడదని, నోటితో పీల్చకూడదని. కాటుపడ్డ మనిషిని కంగారు పెట్టకుండా, నడిపించకుండా, ఆ కాలో చెయ్యో కదలకుండా చెక్కముక్కతో వదులుగా కట్టి, మంత్రగాడి దగ్గర ఆగకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఇది గైడ్లకు నేర్పే ప్రథమ చికిత్సే. స్కార్ఫుతో కట్టు కట్టటం కరకట్ట మీద కూర్చుని నేర్చుకుంటే అది వంటబడుతుంది. గట్టు మీద నడిచేటప్పుడు కర్రతో నేల తట్టటం, చీకటిపడితే టార్చి లేకుండా కాలు బయటపెట్టకపోవటం కూడా అంతే.

ఇక పెద్ద సంగతి. మోపిదేవి దివిసీమకు గుమ్మంలాంటిది. పులిగడ్డ దాటితే అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు, ఆపైన సముద్రం. 1977 నవంబరు 19న ఆ సముద్రం ఊళ్ళ మీదికొచ్చి పదివేలమందికి పైగా తీసుకుపోయింది. ఇప్పటికీ ఇక్కడ వయసు లెక్కపెట్టేటప్పుడు ఉప్పెనకు ముందా, తర్వాతా అంటారు. 1991 ఏప్రిల్లో బంగ్లాదేశ్‌లో ఇలాంటిదే వస్తే లక్షా 38 వేలమంది దాకా పోయారు. అందులో ఆడవాళ్ళు మగవాళ్ళకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఎందుకని తర్వాత పరిశోధించినవాళ్ళు చెప్పిన కారణాలు చదివితే మనసు వికలమవుతుంది. ఈత రాదు, ఒంటికి చుట్టుకున్న చీర, చంకలో పిల్లలు. అన్నిటికీ మించి, ఇంట్లో మగవాళ్ళు వచ్చి చెబితే తప్ప గడప దాటి తుపాను షెల్టరుకు వెళ్ళే అలవాటు లేదు. నీళ్ళు వస్తున్నా అనుమతి కోసం చూస్తూ ఉండిపోయారు.

అందుకే నేను తల్లుల్తో ప్రకృతి సౌందర్యం గురించి ఎక్కువ మాట్లాడను. మీ అమ్మాయికి ఊళ్ళో ఎత్తయిన చోటు ఎక్కడుందో, అక్కడికి కాలినడకన ఎంతసేపు పడుతుందో తెలుసా అని అడుగుతాను. ఇరవై నాలుగు మందిలో హైకుకి ముందు ఆ సంగతి చెప్పగలిగినవాళ్ళు అయిదుగురు.

ప్రభుత్వం వైపునుంచి వీలు లేక కాదు. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పదిరోజులు పుస్తకాల సంచి లేకుండా గడపమంది. 2024 జులైలో దానికి మార్గదర్శకాలూ వచ్చాయి, వాటిలో పర్యావరణం ఒక ముఖ్య విభాగం. ఆ పదిలో రెండు రోజులు నడకకిచ్చినా చాలు. స్కూలు వాళ్ళు అడగాల్సింది తల్లిదండ్రుల సంతకం ఒక్కటే కాదు, దారి ముందుగా చూసిన మనిషి సంతకం కూడా. వందమందికి ఒక బస్సు మాట్లాడి ఎక్కడికో తోలే టూరుకి ఇచ్చినంత సులువుగా, ఇరవైమందితో నాలుగు కిలోమీటర్ల నడకకి అనుమతి ఇవ్వాలి. బస్సు టూరుకి నాలుగైదు వేలు ఇచ్చుకోలేని పిల్లలకు ఇదొక్కటే దారి మరి.

మా పిల్లలు ఈసారి మడ అడవి చూస్తామంటున్నారు. కృష్ణా అభయారణ్యం మనకు ఇంత దగ్గర్లో ఉన్నా, బావురుపిల్లి బొమ్మని కూడా చూడని పిల్లలు మా స్కూల్లో బోలెడుమంది. 1999 ఒరిస్సా తుపానులో మడ అడవి దట్టంగా ఉన్న చోట ఊళ్ళలో ప్రాణనష్టం తగ్గిందని పరిశోధకులు లెక్కలు కట్టి చూపించారు. బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చిన మడ వేర్లు గాలి పీలుస్తాయని, తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే చూపుకే ముప్పని, అందుకే కొమ్మ విరవకూడదని అక్కడే చెప్పాలి. జనవరి తర్వాత సముద్రపు తాబేళ్ళు ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టే కాలం. అటవీశాఖవారు గుడ్లను తీసి కంచె కట్టి కాపాడే చోటు కూడా చూపించమని అడగాలనుకుంటున్నాం. పడవెక్కేది లేదు. పొద్దున వెళ్ళి, మధ్యాహ్నం మూడింటికల్లా తిరుగు బస్సెక్కేయాలి. అటవీశాఖ అనుమతికి కాగితం పెట్టాం.

ఇరవై నాలుగు చీటీలు పంపితే పదిహేడు సంతకాలతో తిరిగొచ్చాయి. మిగిలిన ఏడిళ్ళకు ఈ ఆదివారం వెళుతున్నాను. కిందటిసారి మాతో నడిచిన తల్లులిద్దరూ కూడా వస్తామన్నారు.