కాల్చేస్తే తీరిపోదు

తడిచెత్త, పొడిచెత్త వేరు చేయమంటే ఈమధ్య చదువుకున్న ఇళ్లలోనే వినిపిస్తున్న జవాబు ఒకటుంది: "ఎందుకండీ ఈ తంటా? అంతా ఒకచోట పోసి కాల్చి కరెంటు తీస్తున్నారుగా!" హైదరాబాద్ శివారు జవహర్‌నగర్‌లో, గుంటూరు దగ్గర, విశాఖ కాపులుప్పాడలో ప్లాంట్లు వెలిశాక ఈ మాటకు బలం పెరిగింది. ఇంటివాళ్ల మీద ఏ బాధ్యతా పెట్టదు కాబట్టి అందరికీ నచ్చుతోంది కూడా. కానీ అది తప్పుడు వాదన.

మన ఊళ్ల చెత్తలో దాదాపు సగం వంటింటి నుంచే వస్తుంది. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, వాడేసిన టీ పొడి, అరటాకులు. వాటి బరువులో ఎక్కువ భాగం నీరే. పచ్చికట్టెలతో పొయ్యి రాజేసినవాళ్లకు ఆ తర్వాతి కథ తెలుసు. ఢిల్లీలోని తిమార్‌పూర్‌లో 1987లో డెన్మార్క్ పరిజ్ఞానంతో రోజుకు 300 టన్నులు కాల్చే ప్లాంటు కట్టారు. నడిచింది 21 రోజులు. వచ్చిన చెత్తకు తనంతట తాను మండే సత్తువ లేకపోయింది. 2003 ప్రాంతంలో షాద్‌నగర్ దగ్గరి ఎలికట్టలో, విజయవాడలో మొదలైన ప్లాంట్లు కూడా నిలదొక్కుకోలేదు. ఇలాంటి ప్రాజెక్టులకు కొత్తగా సబ్సిడీలు ఇవ్వొద్దని, ముందు నిపుణులతో పరిశీలన జరిపించాలని 2005లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

ఇప్పటి బాయిలర్లు మెరుగైనవే, కాదనక్కర్లేదు. అయినా 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనలు ఏం చెప్పాయి? మళ్లీ వాడుకోవడానికి పనికిరానిదై, కిలోకు 1500 కిలోకేలరీలు, ఆపైన వేడినిచ్చే చెత్తనే ఇంధనానికి పంపమన్నాయి. అంటే ముందు వేరుచేయాలి, తర్వాతే కాల్చాలి. వేరుచేసే పనిని తప్పించే ప్లాంటు ఏదీ లేదు. పీవీసీ లాంటి ప్లాస్టిక్ కలిసి మండితే డయాక్సిన్లనే విషపదార్థాలు పుట్టే ప్రమాదం ఉంది. మిగిలే బూడిదను మళ్లీ ఎక్కడో ఒకచోట పూడ్చాల్సిందే.

స్వీడన్ కాలుస్తోంది కదా అంటారు. అక్కడ కాల్చేది ఏరగా మిగిలిన చెత్తను. వచ్చిన వేడిని గొట్టాల ద్వారా చలికాలపు ఇళ్లకు పంపుతారు. మన దగ్గర ఆ వేడి అవసరమైన ఇళ్లు లేవు. పైగా ఆహార వ్యర్థాలను విడిగా సేకరించడాన్ని 2024 నుంచి ఆ దేశం తప్పనిసరి చేసింది.

"మనం వేరుచేసినా బండివాడు కలిపేస్తాడు" అనే ఫిర్యాదు వేరు. అది చాలాచోట్ల నిజం, మునిసిపాలిటీలు సిగ్గుపడాల్సిన నిజం. రెండు అరలున్న బండి పంపకుండా ఇంటి యజమానికి జరిమానా వేసే నైతిక హక్కు ఎవరికీ లేదు. అయితే తడిచెత్త అసలు బండి ఎక్కాల్సిన పని ఏముంది? అడుగున చిల్లులున్న కుండీలో తొక్కలు వేసి, ప్రతిసారీ పైన గుప్పెడు ఎండుటాకులో కొబ్బరి పొట్టో చల్లితే సుమారు రెండు మూడు నెలల్లో ఎరువవుతుంది. కంపు కొడితే గాలి ఆడడం లేదని అర్థం. కలిపి, మరికొన్ని ఎండుటాకులు వేస్తే తగ్గిపోతుంది. మల్కారం చెరువును పాడుచేసిన జవహర్‌నగర్ డంపింగ్ యార్డు నల్లనీరు, గాలి అందని అక్కడి చెత్తగుట్టలో కుళ్లిన తడిచెత్త నుంచి ఊరిందే. ఆ చుట్టుపక్కల జనం ఏళ్లుగా ఆ కంపులో బతికారు. వంటింట్లో పది నిమిషాల పని తప్పించుకున్నందుకు ఇంత శిక్ష ఇంకొకరికా?

తడి తీసేస్తే మిగిలే పేపర్లు, సీసాలు, డబ్బాలు, ఇనుము పాతసామాన్ల వ్యాపారి డబ్బిచ్చి కొనుక్కుపోతాడు. అన్నం అంటిన కాగితానికి మాత్రం విలువ లేదు. చిప్స్ కవర్లు, షాంపూ పొట్లాలూ అతను ముట్టడు, ఎందుకంటే ఒకదానిమీద ఒకటి అతికించిన ఆ పొరలను విడదీయడం గిట్టుబాటు కాదు. వాటికి మందు తక్కువ కొనడమే. పెళ్లిళ్లలో వాడే కాగితపు గ్లాసులూ అంతే, వాటి లోపలి పొర ప్లాస్టిక్. సిద్దిపేటలో స్టీలు బ్యాంకులు పెట్టి విందులకు కంచాలు, గ్లాసులు ఇచ్చే పద్ధతి తెచ్చారు. ఆ పని ప్రతి వార్డులోనూ చేయొచ్చు.

కొత్త ప్లాంటుకు శంకుస్థాపన చేసే ముందు ప్రతి వీధికీ తడి, పొడి విడివిడిగా తీసుకెళ్లే బండి రావాలని పాఠకులు తమ కౌన్సిలర్‌ను అడగాలి. అది వచ్చేదాకా ఆగకుండా, తడిచెత్తను ఈ వారమే ఇంట్లో ఆపాలి.